సెలవుల్లో కట్టిన సాఫ్ట్‌వేర్

1991 జనవరి 5న హెల్సింకీలో ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి ఒకడు కంప్యూటర్ కొన్నాడు. 386 ప్రాసెసర్, 4 మెగాబైట్ల మెమరీ. చేతిలో ఉన్న డబ్బు ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద తెచ్చుకున్నాడు. దాంట్లో వేసుకోవడానికి మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆర్డరిచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసరు తన విద్యార్థులకు పాఠం చెప్పడానికి రాసిన సిస్టమ్ అది. పదహారు ఫ్లాపీల మీద వచ్చింది.

ఆ కుర్రాడు లినస్ టోర్వాల్డ్స్. ఇంట్లో కూర్చుని ఫోన్ లైను మీదుగా యూనివర్సిటీ కంప్యూటర్‌ను వాడుకోవాలన్నది అతని అవసరం. మినిక్స్‌లో ఆ ఏర్పాటు అతనికి నచ్చలేదు. సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసుకోవడం మొదలుపెట్టాడు. దిగుమతి చేసుకున్న ఫైళ్లు దాచుకోవడానికి డిస్కు మీద రాయగలగాలి కదా, అది చేర్చాడు. అలా ఒకటి తర్వాత ఒకటి చేరుతూ పోయి, వేసవి ముగిసేసరికి ఆ ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ రూపం పోసుకుంది. ఫిన్లాండ్‌లో వేసవి అంటే రాత్రి పొద్దుపోయేదాకా వెలుతురు. జనమంతా ఎండ కోసం బయటికి పరుగెత్తే ఆ నెలల్లో అతను తల్లి ఫ్లాట్‌లో, కిటికీకి మందపాటి నల్ల తెర దించుకుని కోడ్ రాశాడు.

ఆగస్టు 25న మినిక్స్ వాడేవాళ్లకు తన పని గురించి చెప్పి, అందులో ఏమేం ఉంటే బాగుంటుందని అడిగాడు. సెప్టెంబరు 17న మొదటి కూర్పు సిద్ధమైంది. మొత్తం పదివేల పంక్తుల కోడ్. తాను పెట్టుకున్న పేరు ఫ్రీక్స్. దాన్ని సర్వర్‌లో ఉంచిన ఆరి లెమ్కే అనే మిత్రుడికి ఆ పేరు నచ్చక ఫోల్డరుకు లినక్స్ అని రాశాడు. అదే నిలిచింది.

డబ్బు పంపుతామన్న వాళ్లను అతను పోస్టుకార్డులు పంపమన్నాడు. ఆ తర్వాత, మిగిలిన కంప్యూటర్ వాయిదాలను వాడుకరులే చందాలు వేసుకుని తీర్చేశారు. పల్లెలో చెరువు పూడిక తీయడానికి ఇంటికొక మనిషి పలుగూ పారా పట్టుకుని వచ్చినట్టు, ముఖం తెలియని మనుషులు తలొక చేయి వేసిన పని లినక్స్. దీనికి మనకు మంచి మాటే ఉంది: శ్రమదానం.

ఇలాంటి పనికి విద్యార్థులే ఎందుకు ముందుకొచ్చారు? యువరక్తం, ఆదర్శం అని సరిపెట్టుకుంటే సగమే చెప్పినట్టు. రెండో సగం వట్టి వసతుల సంగతి. 1990ల మొదట్లో ఇంటర్నెట్ ఇళ్లలో లేదు, యూనివర్సిటీల్లో ఉండేది. యూనిక్స్ లాంటి గట్టి సిస్టమ్‌లు పెద్ద కంపెనీల సొత్తు. వాటిని సొంతానికి కొనడం విద్యార్థి తరం కాదు. హెల్సింకీ యూనివర్సిటీ యంత్రం మీద కూడా ఒకేసారి పదహారు మందికే చోటు. నెట్ చేతిలో ఉంది, సెలవులు ఉన్నాయి, సాయంత్రంలోగా పని చూపించమనే యజమాని లేడు. కావలసింది కొనలేనివాడు తయారుచేసుకుంటాడు. ఈ మొత్తం చరిత్రకు మూలం అక్కడుంది.

నేల మాత్రం అప్పటికే దున్ని ఉంది. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. మార్చి పంచేవాడు తన మార్పులనూ అదే స్వేచ్ఛతో పంచాలి. ఈ షరతును జీపీఎల్ అనే లైసెన్సుగా రాశాడు. టోర్వాల్డ్స్ 1992 మొదట్లో లినక్స్‌ను ఆ లైసెన్సు కిందికి తెచ్చాడు. తన జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే కోడ్ రాసి పంపినవాళ్ల శ్రమకు రక్షణ ఉండేది కాదు.

లినక్స్ కథ అందరికీ తెలుసు. విద్యార్థి శ్రమదానానికి ఒక పద్ధతి, ఒక కట్టుబాటు ఏర్పరచిన కథ మాత్రం అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీది. దాని కథానాయకుడు ఇయన్ మర్డాక్.

లినక్స్ అంటే కెర్నెల్ మాత్రమే, అంటే ఇంజిను. దానికి చక్రాలూ సీట్లూ బిగించి, వాడుకునేలా ఒక్కచోట కూర్చి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో ఎక్కువమంది వాడినది ఎస్ఎల్ఎస్ అనే కూర్పు. నిండా తప్పులు. మర్డాక్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. మొదట దాన్నే బాగుచేద్దామనుకున్నాడు. ఎంత చెక్కినా తీరు మారేలా లేదని, మొదటి నుంచీ కట్టడమే మేలని తేల్చుకున్నాడు. 1993 ఆగస్టు 16న కొత్త కూర్పును ప్రకటించాడు. పేరు డెబియన్. స్నేహితురాలు డెబ్రా పేరులోని మొదటి అక్షరాలు, తన పేరు ఇయన్, రెండూ కలిపి.

పేరు కంటే గొప్ప ఆలోచన ఒకటి అతను చేశాడు. ఇంత పెద్ద పని ఒక్కడి వల్ల కాదు. అందరూ అన్నిటిలో చెయ్యి పెడితే గందరగోళం. కాబట్టి సిస్టమ్‌ను చిన్న చిన్న ప్యాకేజీలుగా విడగొట్టాడు. ఒక్కో ప్యాకేజీకి ఒక బాధ్యుడు, మెయింటెయినర్. ఆ ముక్కలో తప్పు దొరికితే అడగాల్సింది అతన్నే. ఉమ్మడి పొలంలో ఎవరి మడి వాళ్లు చూసుకుంటూ, నీటి కాలువ మాత్రం అందరూ కలిసి కాపాడుకున్నట్టు. పర్డ్యూలో ఉన్నవాడికీ కేంబ్రిడ్జ్‌లో ఉన్నవాడికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అయినా ఇద్దరి ముక్కలూ ఒకదానికొకటి అతుక్కునేలా నియమాలు రాసుకున్నారు. 1996లో వచ్చిన 1.1 కూర్పులో 474 ప్యాకేజీలున్నాయి. 2023 జూన్‌లో వచ్చిన పన్నెండో కూర్పుకు ఆ సంఖ్య 64 వేలు దాటింది.

1997 జులైలో డెబియన్ వాళ్లు సామాజిక ఒప్పందం అనే పత్రం రాసుకున్నారు. తప్పులు దాచబోమని, తమ సిస్టమ్ ఎప్పటికీ స్వేచ్ఛగానే ఉంటుందని వాడుకరులకు మాటిచ్చారు. ఆ పత్రంలోని నియమాలనే తీసుకుని మరుసటి ఏడాది ఓపెన్‌సోర్స్‌కు నిర్వచనం రాశారు. ఓపెన్‌సోర్స్ అన్న మాట కూడా 1998 ఫిబ్రవరిలో పుట్టిందే, క్రిస్టీన్ పీటర్సన్ సూచనతో. ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు పలికే ఆ మాట అర్థానికి పునాది, ఒక డిగ్రీ విద్యార్థి మొదలుపెట్టిన సంఘంలో పడింది.

ఇలాంటి పనులు వరస కట్టాయి. 1996 అక్టోబరులో జర్మనీలోని ట్యూబింగెన్ విద్యార్థి మతియాస్ ఎట్రిక్ కేడీఈ మొదలుపెట్టాడు. మామూలు మనుషులు మౌసుతో వాడుకోగల తెర లినక్స్‌కు లేదన్నది అతని బాధ. ఏడాది తిరక్కుండానే మెక్సికో నుంచి మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా అలాంటిదే గ్నోమ్ మొదలుపెట్టారు.

ఇంతకీ ఈ పని ఎలా ఉంటుంది? దగ్గరగా చూద్దాం. విద్యార్థి ఒక ప్రోగ్రామ్ వాడుతూ తప్పు గమనిస్తాడు. మూల కోడ్ దింపుకుంటాడు. తప్పున్న పంక్తి వెతికి సరిచేస్తాడు. పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ మధ్య తేడాను కంప్యూటరే ఒక చిన్న ఫైలుగా రాసిస్తుంది: తీసేసిన పంక్తికి ముందు మైనస్ గుర్తు, చేర్చిన పంక్తికి ముందు ప్లస్ గుర్తు. దీన్నే ప్యాచ్ అంటారు, అంటే అతుకు. ఆ అతుకు మెయింటెయినర్‌కు పంపుతాడు. అతను చదివి, ఇక్కడ ఖాళీలు సరిగ్గా లేవు, అక్కడ ఈ సందర్భం మరిచావు, పరీక్ష రాయలేదు అని తిప్పి పంపుతాడు. సరిచేసి మళ్లీ పంపాలి. మూడోసారికో నాలుగోసారికో తీసుకుంటారు. కాలేజీ ల్యాబ్ రికార్డులో సంతకం పడటానికీ దీనికీ పోలికే లేదు. అక్కడ మార్కుల కోసం చూపిస్తారు. ఇక్కడ తెలియని మనిషి నిజంగా వాడబోయే కోడ్‌ను మరో తెలియని మనిషి అక్షరం అక్షరం చదివి దిద్దుతాడు. అంత శ్రద్ధగా చదివే గురువు దొరకడం ఏ విద్యార్థికైనా అదృష్టమే.

తెలుగువాళ్ల వైపు వద్దాం. ఇక్కడ కూడా మొదటి అడుగులు విద్యార్థులవే. అమెరికాలో టెక్సస్‌లోని రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల్లో ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి రూపొందించారు. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. ఆ యూనివర్సిటీ పేరు మీదే దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. దూరదేశంలో ఉన్న కొందరు తెలుగు విద్యార్థులు తమలో తాము తెలుగులో రాసుకోవాలన్న తపనతో చేసుకున్న ఏర్పాటు అది. తర్వాత పద్మ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులోకి, దాని ఆధారంగా వచ్చిన లేఖిని అనే తెలుగు రాసే పరికరంలోకి అదే పద్ధతి ప్రవహించింది. తెలుగు వికీపీడియాలో తొలినాళ్లలో వ్యాసాలు రాసినవాళ్లలో చాలామంది వేళ్లు అలవాటుపడింది ఆ పెద్ద టీ, చిన్న టీ తేడాకే.

రాయడం ఒక ఎత్తు, కనిపించడం ఒక ఎత్తు. అప్పట్లో ఒక్కో తెలుగు పత్రికది ఒక్కో ఫాంటు. ఒకదాని అక్షరాలు మరొకదానిలో పిచ్చిగీతలు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో, అక్షరాలకు ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో ఫాంట్లు చేసి జీపీఎల్ కింద ఇచ్చేశారు. ఆయన విద్యార్థి కాదు. కానీ ఆ ఫాంట్లు స్వేచ్ఛగా ఉండబట్టే డెబియన్‌లో ప్యాకేజీగా చేరాయి. వాటిని ఆసరా చేసుకుని తర్వాతివాళ్లు పని కొనసాగించగలిగారు.

మలయాళంలో స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే బృందానికి 2002లో బీజం వేసింది కాలికట్ ఆర్‌ఈసీ విద్యార్థి ఒకడు. తెలుగులో 2005లో హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ మొదలైంది. మెనూల నుంచి హెచ్చరికల దాకా తెలుగులోనే మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ తేవాలని పూనుకుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్ అనే పేరుతో విద్యార్థి బృందాలు ఏర్పడ్డాయి. ఆదివారాలు కూర్చుని లినక్స్ ఎక్కించడం నేర్పించుకున్నారు, వాక్యాలు అనువదించారు.

అనువాదం తేలిక పనని చాలామంది అనుకుంటారు. కోడ్ రానివాళ్లు చేసేదని కొందరు చిన్నచూపు కూడా చూస్తారు. అది తప్పు. ప్రోగ్రామ్‌లోని వాక్యాలన్నీ ఒక ఫైలులో వరసగా ఉంటాయి: పైన ఇంగ్లిష్ వాక్యం, కింద తెలుగుకు ఖాళీ. మధ్యలో శాతం గుర్తు పక్కన ఎస్ అక్షరం ఉంటుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ చోట ఫైలు పేరో ఫోల్డరు పేరో వచ్చి కూర్చుంటుంది. ‘ఫలానా ఫైలు ఫలానా ఫోల్డరులో తెరుచుకోలేదు’ అనే వాక్యంలో అలాంటి గుర్తులు రెండు. ఇంగ్లిష్‌లో ఫైలు పేరు ముందు, ఫోల్డరు పేరు తర్వాత. తెలుగులో ‘ఫలానా ఫోల్డరులో ఫలానా ఫైలు’ అంటేనే మాట సాఫీగా సాగుతుంది. మాటలను అటూ ఇటూ చేసి ఊరుకుంటే ఫైలు చోట ఫోల్డరు పేరు వచ్చి పడుతుంది. ఏది ఒకటోది, ఏది రెండోదో అంకె వేసి చెప్పాలి. ఒక గుర్తు పొరపాటున మారిపోతే ఆ ప్రోగ్రామే కుప్పకూలవచ్చు. వ్యాకరణమూ తెలియాలి, యంత్రమూ తెలియాలి.

ఆపైన మాటల తగవు. ఫైలు అనాలా, దస్త్రం అనాలా? దస్త్రం అంటే కచేరీలో గుడ్డ చుట్టిన కాగితాల కట్ట గుర్తుకొస్తుంది, చక్కటి మాట. కానీ బస్సులో పక్కనున్నవాణ్ని అడిగితే ఫైలనే అంటాడు. సేవ్‌కు భద్రపరచు అన్నది కుదురుకుంది. డౌన్‌లోడ్‌కు దింపుకోలు కొందరి నోట నిలిచింది, ఎక్కువమంది నోట నిలవలేదు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు గంటల తరబడి ఇలా మాట కోసం వాదించుకోవడం తెలుగుకు జరిగిన మేలు. పరిపాలనా పదకోశాలు పెద్దల కమిటీల్లో తయారయ్యాయి. కంప్యూటర్ తెలుగు మాత్రం చాలావరకు ఈ విద్యార్థుల బల్లల దగ్గర తయారైంది.

2005 మరో మలుపు. గూగుల్ సంస్థ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం పెట్టింది. వేసవి సెలవుల్లో ఏదైనా ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుకు పనిచేసిన విద్యార్థికి అప్పట్లో 4,500 డాలర్లు. మొదటి ఏడాది నలభై సంస్థలు, నాలుగు వందల మంది దాకా విద్యార్థులు. డబ్బు చేరాక అది శ్రమదానం ఎలా అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే కలిగిన ఇంటి విద్యార్థి వేసవిలో ఉచితంగా పనిచేయగలడు. వేసవిలో ఏదో ఒక పని చేసి ఫీజు కట్టుకోవాల్సిన కుర్రాడు చేయలేడు. ఆ తేడాను ఈ డబ్బు చాలావరకు పూడ్చింది. మొదటి పదేళ్ల లెక్కలో ఎక్కువమంది విద్యార్థులను పంపింది ఏ అమెరికన్ యూనివర్సిటీయో కాదు, శ్రీలంకలోని మొరటువ యూనివర్సిటీ. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఈ జాబితాల్లో తరచూ కనిపించేది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదని నియమం సడలించారు.

ఈ చరిత్రలో ఇంతవరకు వచ్చిన పేర్లలో ఆడవాళ్లవి ఎన్ని? 2006లో ఆ లోటు అంకెగా బయటపడింది. ఆ వేసవి సమ్మర్ ఆఫ్ కోడ్‌లో గ్నోమ్ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులొస్తే అందులో ఒక్కటీ అమ్మాయిది కాదు. గ్నోమ్ వాళ్లు అప్పటికప్పుడు అమ్మాయిల కోసం విడిగా ఒక వేసవి కార్యక్రమం ప్రకటించారు. వంద దాకా దరఖాస్తులు వచ్చాయి. ఆసక్తి లేక రాలేదనుకున్నవాళ్లు పొరబడ్డారు. రమ్మని పిలిచినవాళ్లు లేకే రాలేదు. ఆ కార్యక్రమమే తర్వాత అవుట్‌రీచీగా పెరిగింది.

దెబ్బలు కూడా తగిలాయి. బ్యాంకుల నుంచి మెయిళ్ల దాకా నెట్‌లో రహస్యాలు కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే కోడ్‌లో, 2011 డిసెంబరు 31 రాత్రి ఒక కొత్త సౌకర్యం చేరింది. రాసినవాడు జర్మనీలో పీహెచ్‌డీ విద్యార్థి. అవతలి కంప్యూటర్ బతికే ఉందా అని పలకరించడానికి ఒక మాట పంపితే అదే మాట తిరిగి రావాలి. కానీ ‘అమ్మ’ అని చిన్న మాట పంపి, నేను పంపింది 64 వేల బైట్ల పొడుగు, అంతా తిరిగి పంపు అని అబద్ధమాడితే, సర్వరు నమ్మి తన మెమరీలో పక్కనున్న రహస్యాలన్నీ తోడి పోసేది. పొడుగు సరిచూసే ఒక్క పంక్తి రాయడం మరిచిపోయారు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన ఈ తప్పునే హార్ట్‌బ్లీడ్ అన్నారు.

నింద విద్యార్థి మీద వేయడం సులువు. అసలు సంగతి వేరు. ఆ కోడ్‌ను చదివి ఒప్పుకున్నది ఒకే ఒక్కరు. ప్రపంచంలోని కంపెనీలన్నీ ఉచితంగా వాడుకున్న ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల దగ్గర ఉండేవి. పూర్తి సమయం పనిచేసేది ఒక్క మనిషి. శ్రమదానం మీద బతికే చెరువుకు కాపలా పెట్టాల్సిన బాధ్యత నీళ్లు వాడుకునేవాళ్లది కూడా. ఆ సంగతి వాళ్లకు హార్ట్‌బ్లీడ్ తర్వాతే తెలిసొచ్చి, డబ్బు పెట్టడం మొదలుపెట్టారు.

రెండో దెబ్బ మనకు దగ్గరది, చెప్పడానికి బాధ కలిగించేది. హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అని అక్టోబరు నెలలో ఒక పండుగ ఉంది. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో తేలిక దారి చూపిస్తూ ఒక యూట్యూబ్ పాఠం మన దేశంలో విద్యార్థుల మధ్య పాకింది. ప్రాజెక్టు పరిచయ పేజీలో ఒక పొగడ్త మాట చేర్చడం, దాన్నే మార్పుగా పంపడం. వేల కొద్దీ వచ్చి పడ్డాయి. తమ ఖాళీ సమయంలో పనిచేసే మెయింటెయినర్లు ఆ చెత్త ఏరడానికే రోజులు పోగొట్టుకున్నారు. మొదటి వారం తిరక్కముందే నిర్వాహకులు నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కిస్తామన్నారు.

ఆ పిల్లలు చెడ్డవాళ్లు కారు. రెజ్యూమెలో ఓపెన్‌సోర్స్ అనే మాట ఉంటే ఉద్యోగం వస్తుందని వాళ్లకు పెద్దలే చెప్పారు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఆ ప్యాచ్ చదువుతాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. మన కాలేజీల్లో నేర్పాల్సింది, మార్పులు పంపడానికి వాడే గిట్ కమాండ్ల కంటే ముందు ఆ సంగతి.

ఇయన్ మర్డాక్ 2015 డిసెంబరులో నలభై రెండేళ్లకే చనిపోయాడు. 2017 జూన్‌లో వచ్చిన డెబియన్ తొమ్మిదో కూర్పును అతనికి అంకితమిచ్చారు. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సదస్సు మొదటిసారి మన దేశంలో, కొచ్చిలో జరిగింది. అదే ఏడాది ఆగస్టుకు మర్డాక్ చేసిన డెబియన్ ప్రకటనకు ముప్పై ఏళ్లు నిండాయి. ప్రపంచంలోని అయిదు వందల అతివేగ కంప్యూటర్లన్నీ 2017 నుంచీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ ఆ హెల్సింకీ వేసవిలో మొదలైన కోడే.

డెబియన్‌ను కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ముందుగా ఏ భాష కావాలని అడుగుతుంది. ఆ జాబితాలో తెలుగు ఉంది. ఈ వేసవిలో ఏ ఇంజినీరింగ్ విద్యార్థయినా, ఏ తెలుగు ఎంఏ విద్యార్థయినా ఒకసారి ఆ వరస ఎంచుకుని చూడండి. తెర మీద అర్థం కాని మాట ఒకటి తప్పక కనిపిస్తుంది. దాన్ని సరిచేసి పంపండి. తిప్పి పంపితే విసుక్కోకుండా దిద్ది మళ్లీ పంపండి.